ఇల్లు వదిలిన ఆడవాళ్లకు సాయం ‘మీదే ఊరు?’ దగ్గర ఎందుకు ఆగుతోంది

క్లుప్తంగా: హింస వల్లో వరద వల్లో ఇల్లు విడిచిన మహిళ ఎక్కడ తలదాచుకుంటే అక్కడే ఫిర్యాదు ఇవ్వవచ్చు, అక్కడి కోర్టులోనే రక్షణ అడగవచ్చు. చట్టంలో ఇది స్పష్టంగా ఉంది. అయినా సాయం చేయాల్సిన చోట పని ఆధార్‌లోని చిరునామాతోనే మొదలవుతోంది. దానికి తోడు వైద్యానికి 72 గంటలు, ఆశ్రయానికి 5 రోజులు, కోర్టుకు 60 రోజులు అంటూ ఎవరి లెక్క వారిది. ఈ లెక్కల మధ్య పొత్తు కుదరనప్పుడు ఆమె మళ్లీ అదే గడప తొక్కాల్సి వస్తోంది.

కొండ దారి, సరిహద్దు దారి

ఈ సమస్య తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఎక్కువగా చిక్కుపడటానికి రెండు కారణాలున్నాయి. మొదటిది యాత్ర. ఒంటరిగా బయల్దేరిన ఆడమనిషిని ఎక్కడికమ్మా అని అడిగితే ‘తిరుపతికి’ అన్న జవాబు ఎవరికీ అనుమానం కలిగించదు. రాత్రింబవళ్లు రైళ్లు, బస్సులు ఉంటాయి. స్టేషన్‌లో జనం మధ్య కొంగు కప్పుకుని పడుకుంటే ఎవరూ లేపరు. అన్నప్రసాదానికి డబ్బు అక్కర్లేదు. దెబ్బలు తిని బయటపడ్డవాళ్లు, పెళ్లి తప్పించుకుని పారిపోయిన బాలికలు ఇక్కడ దిగడంలో ఆశ్చర్యం లేదు. ఆ సంగతి దళారులకూ తెలుసు. పని ఇప్పిస్తామని, గది చూపిస్తామని మాట కలిపేది వాళ్లే. అందుకే రైలు దిగిన మొదటి కొన్ని గంటల్లో ఆమెను ఎవరు పలకరిస్తారన్నదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది.

రెండోది సరిహద్దు. నగరి పిల్లను తిరుత్తణికి, చిత్తూరు పిల్లను వేలూరుకు, కుప్పం పిల్లను కృష్ణగిరికో కోలారుకో ఇవ్వడం ఇక్కడ మామూలు. దెబ్బలు తగిలింది ఒక రాష్ట్రంలో, పుట్టిల్లు ఇంకో రాష్ట్రంలో. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడ్డాక ఇక్కడే అధికారుల పరిధులు కూడా మారాయి. ఏ ఆఫీసుకు పోవాలో ఊళ్లో పెద్దవాళ్లకు గుర్తున్న దారి ఒకటి, ఇప్పుడున్న దారి మరొకటి.

‘మా పరిధి కాదు’ అనడానికి వీల్లేదు

గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుంచి అమలవుతోంది. దాని 27వ సెక్షన్ ప్రకారం హింస జరిగిన చోట గానీ, అవతలి పక్షం ఉండే చోట గానీ, బాధితురాలు ‘శాశ్వతంగా లేదా తాత్కాలికంగా’ నివసించే చోట గానీ మేజిస్ట్రేటు ముందు పిటిషన్ వేయవచ్చు. ఆ ‘తాత్కాలికంగా’ అన్న మాటే ఇల్లు వదిలిన మహిళకు ఆధారం. రెండ్రోజులు చూసిపోవడానికి వచ్చిన ఊరు అయితే చెల్లదు. గతి లేక చేరిన పిన్నమ్మ ఇల్లయినా, వసతి గృహమైనా చెల్లుతుంది.

క్రిమినల్ కేసుకూ అంతే. జనం ఇప్పటికీ 498ఏ అనే నేరం, అంటే భర్త, అత్తింటివారు పెట్టే హింస, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది. అత్తగారింట్లో హింస భరించలేక బయటికి వచ్చిన మహిళ తలదాచుకున్న చోటే ఈ కేసు పెట్టవచ్చని 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. దెబ్బ అక్కడ తగిలినా దాని మానసిక బాధ ఇక్కడా కొనసాగుతుందన్నది ఆ తీర్పు తర్కం.

ఇక జీరో ఎఫ్‌ఐఆర్. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. తీసుకున్న స్టేషన్ సున్నా నంబరుతో నమోదు చేసి, అసలు స్టేషన్‌కు పంపాలి. ఆన్‌లైన్‌లో ఇస్తే 3 రోజుల్లోగా వచ్చి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి.

ఇంత ఉన్నా పని చెడే చోట్లు రెండున్నాయి. స్టేషన్‌లో కాగితం తీసుకుని ‘కౌన్సెలింగ్‌కు పిలుస్తాం’ అని పంపేయడం మొదటిది. కాగితం ఉంటుంది, ఎఫ్‌ఐఆర్ ఉండదు. 3 నుంచి 7 ఏళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో ప్రాథమిక విచారణ చేసే వీలు పోలీసులకు ఉన్న మాట నిజమే. కానీ దానికి డీఎస్పీ అనుమతి కావాలి, 14 రోజుల్లో ముగించాలి. ఎన్ని వారాలైనా తిప్పుకోవడానికి అది లైసెన్సు కాదు. నమోదుకు నిరాకరిస్తే ఆ ఫిర్యాదునే పోస్టులో ఎస్పీకి పంపాలి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. అత్యాచారం వంటి నేరాల్లో ఫిర్యాదు రాసుకోని పోలీసు ఉద్యోగికి న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 2 ఏళ్ల వరకు కఠిన శిక్ష ఉంది.

రెండోది మరీ సూక్ష్మం. ‘ఎలాగూ వేరే స్టేషన్‌కు పోయేదే కదా’ అని జీరో ఎఫ్‌ఐఆర్‌లో వాంగ్మూలాన్ని నాలుగు ముక్కల్లో ముగించేస్తారు. తర్వాత అవతలి రాష్ట్రంలో కేసు నడిచేది ఆ నాలుగు ముక్కల మీదే. అప్పుడు చెప్పని విషయం తర్వాత చెబితే, అల్లిన మాటని అవతలి లాయరు వాదిస్తాడు. మొదటి కాగితంలోనే తేదీలు, గాయాలు, చూసినవారి పేర్లు, వాడిన వస్తువు రాయించాలి. తెలుగులో చెప్పినదాన్ని తెలుగులోనే రాయించి, చదివి వినిపించాకే సంతకం పెట్టాలి.

డీవీసీలో ఖాళీగా మిగిలే గడులు

ఇల్లు వదిలిన మహిళకు వెంటనే కావాల్సింది భర్తకు జైలు కాదు, తలపైన కప్పు, చేతిలో నాలుగు డబ్బులు, పిల్లలు తన దగ్గర ఉండటం. వీటిని ఇచ్చేది క్రిమినల్ కేసు కాదు, జనం డీవీసీ అని పిలిచే గృహహింస పిటిషన్. ఆ తేడా ఎవరూ చెప్పక ఒకే దారిలో పోయి అలసిపోయేవారు ఎక్కువ. రెండూ ఒకేసారి నడపవచ్చు.

డీవీసీలో 18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు, 19 కింద నివాసం, 20 కింద ఖర్చులు, భరణం, 21 కింద పిల్లల తాత్కాలిక సంరక్షణ, 22 కింద పరిహారం అడగవచ్చు. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా కోడలికి అందులో నివాస హక్కు ఉండవచ్చని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. రక్షణ ఉత్తర్వును ధిక్కరిస్తే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా.

మొదటి కాగితం డీఐఆర్, అంటే గృహహింస సంఘటనల నివేదిక. ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించిన రక్షణాధికారి ఫారం 1లో దీన్ని నింపుతారు. శారీరక, లైంగిక, మానసిక, ఆర్థిక హింసలకు వేర్వేరు గడులుంటాయి. ప్రతిదానికీ తేదీ, చోటు, చేసిన మనిషి పేరు అడుగుతుంది. చాలా నివేదికల్లో కనిపించేది ‘తరచూ తాగి కొట్టేవాడు’ అన్న ఒక్క వాక్యం. మేజిస్ట్రేటుకు అది దేనికీ పనికిరాదు. తేదీలు గుర్తులేని మనిషికి పండగలు గుర్తుంటాయి: గంగజాతర ముందు వారం, పాప బడిలో చేరిన నెల, చీటీ పాడిన రోజు. అలా అడిగి రాబట్టి రాసే ఓపికే ఇక్కడ అసలు నైపుణ్యం. ఆర్థిక హింస గడి ఎక్కువగా ఖాళీగా ఉంటుంది. కూలి డబ్బులు లాక్కోవడం, ఆమె పేరున తెచ్చిన డ్వాక్రా రుణం వాడుకోవడం, నగలు తాకట్టు పెట్టడం అన్నీ అక్కడికే వస్తాయి. పెట్టిన నగల జాబితా, పెళ్లి ఫొటోలు జతచేస్తే స్త్రీధనం వెనక్కి ఇప్పించమని అడగవచ్చు.

మొదటి 72 గంటలు

లైంగిక దాడి జరిగినప్పుడు దారి స్టేషన్ నుంచి మొదలవ్వాల్సిన పని లేదు. తిరుపతిలోని రుయా ప్రభుత్వ ఆసుపత్రికో, ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికో, దగ్గరున్న ప్రైవేటు ఆసుపత్రికో నేరుగా పోవచ్చు. ఎఫ్‌ఐఆర్ తెమ్మనడం, డబ్బు కట్టమనడం తప్పు. ప్రభుత్వమైనా ప్రైవేటైనా ప్రతి ఆసుపత్రీ వెంటనే ఉచితంగా చికిత్స ఇవ్వాలని సురక్షా సంహిత 397వ సెక్షన్ అంటుంది, ఇవ్వకపోతే శిక్ష కూడా ఉంది. ఆధార్ కార్డు లేదన్న కారణంతో వెనక్కి పంపడానికి అసలే లేదు.

గర్భనిరోధక మాత్ర, లెవోనార్‌జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు, 72 గంటల్లోగా వేసుకుంటే బాగా పనిచేస్తుంది. 5 రోజుల వరకు కొంత ఫలితం ఉంటుంది. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోగా మొదలుపెట్టి 28 రోజులు మానకుండా వాడాలి. ఊరు మారే మనిషికి ఇక్కడే ఇబ్బంది. వారానికి సరిపడా మందులిచ్చి మళ్లీ రమ్మంటే, ఆ వారానికి ఆమె ఎక్కడుంటుందో ఎవరికి తెలుసు? 28 రోజుల మందులూ ఒకేసారి ఇప్పించడమో, వెళ్లే ఊళ్లో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి చీటీ రాయించడమో అప్పుడే జరగాలి.

నమూనాల విషయంలో చిన్న పొరపాటు పెద్ద నష్టం చేస్తుంది. శుభ్రమైన పెద్ద కాగితం నేల మీద పరిచి, ఆమెను దాని మీద నిలబెట్టి బట్టలు మార్పిస్తారు. రాలిన వెంట్రుక, మట్టి ఆ కాగితంలోనే మడతపడతాయి. తడి బట్టను నీడలో ఆరబెట్టి కాగితం కవరులో పెట్టాలి. ప్లాస్టిక్ కవరులో కట్టేస్తే తేమకు బూజు పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది. స్నానం చేసిందనో, నాలుగు రోజులు దాటిందనో పరీక్ష మానేయకూడదు, గాయాల నమోదుకు అప్పటికీ విలువ ఉంటుంది. రెండు వేళ్ల పరీక్ష చేసే వైద్యులు దుష్ప్రవర్తనకు బాధ్యులవుతారని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. గర్భం వస్తే, అత్యాచార బాధితులకు, మైనర్లకు 24 వారాల వరకు తొలగించుకునే వీలు 2021 సవరణతో వచ్చింది.

పరిహారం సంగతి చాలామందికి తెలియదు. 2018 నాటి జాతీయ న్యాయ సేవాధికార సంస్థ పథకంలో అత్యాచార బాధితురాలికి 4 లక్షల నుంచి 7 లక్షల రూపాయల వరకు ఉంది. నిందితుడికి శిక్ష పడేదాకా ఆగనక్కర్లేదు, మధ్యంతరంగానూ అడగవచ్చు.

5 రోజుల కప్పు, 60 రోజుల కోర్టు

మహిళల హెల్ప్‌లైన్ 181కు గానీ, అత్యవసర నంబరు 112కు గానీ ఫోన్ చేస్తే చేర్చేది సఖి వన్ స్టాప్ సెంటర్‌కు. 2015 ఏప్రిల్ 1న మొదలైన ఈ పథకంలో వైద్యం, పోలీసు సాయం, లాయరు, కౌన్సెలింగ్ ఒకే చోట దొరకాలన్నది ఉద్దేశం. వసతి 5 రోజుల వరకు. ఆ తర్వాత శక్తి సదన్ వంటి వసతి గృహం. మగపిల్లలకు వయసు పరిమితి ఉంది కాబట్టి ఎదిగిన కొడుకున్న తల్లి ఈ దశలోనే ఆగిపోతుంది. కొడుకును ఎక్కడో వదిలి తాను లోపల ఉండలేక వెనక్కి పోతుంది. దీనికి వసతి గృహాల నిబంధనల్లోనే మార్పు రావాలి.

కోర్టు లెక్క వేరు. డీవీసీ పిటిషన్ అందాక మామూలుగా 3 రోజుల్లోగా మొదటి వాయిదా, 60 రోజుల్లోగా తీర్పుకు ప్రయత్నం అని చట్టం అంటుంది. భర్త పక్క రాష్ట్రంలో ఉంటే నోటీసు అందడానికే వారాలు పడుతుంది. ఆరో రోజు నుంచి అరవయ్యో రోజు వరకు ఆమె ఎక్కడుండాలి, ఏం తినాలి?

దీనికి చట్టంలోనే వంతెన ఉంది. 23వ సెక్షన్ కింద అవతలి పక్షాన్ని వినకముందే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వవచ్చు. కానీ అడిగితేనే. అడగడానికి ఫారం 3లో ప్రమాణపత్రం జతచేయాలి. ఆ ఒక్క కాగితం లేక నెలల తరబడి ఖర్చులకు పైసా రాని పిటిషన్లు ఉంటున్నాయి. సాయం చేసేవాళ్లు డీఐఆర్‌ను మొదటి రోజే నింపించి, రెండో రోజు కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో లాయరును అడిగి, ఐదు రోజులు ముగిసేలోపే ఫారం 3తో సహా పిటిషన్ వేయించగలిగితే లెక్క కుదురుతుంది. మహిళలకు, పిల్లలకు ఈ లాయరు ఉచితం, ఆదాయ పరిమితి లేదు. ఫోన్ 15100.

ఇంటి నుంచి బయటపడ్డ తొలి వారాలే అత్యంత ప్రమాదకరమని ఈ రంగంలో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆమె కోరితే వసతి గృహం తన దగ్గరున్న సంగతిని అవతలివారికి చెప్పకూడదని గృహహింస నిబంధనల్లో ఉంది. ‘రాజీకి పెద్దమనుషులొచ్చారు, ఒక్కసారి మాట్లాడమ్మా’ అని గేటు దగ్గరికి పిలవడం ఆ నిబంధనను తుంగలో తొక్కడమే.

బాలికల దారి వేరు

18 ఏళ్లు నిండని అమ్మాయి విషయంలో పిల్లల హెల్ప్‌లైన్ 1098కో 112కో చెప్పాలి. ప్రయాణ సమయం పోగా 24 గంటల్లోగా ఆమెను బాలల సంక్షేమ సమితి ముందుంచాలి. పెళ్లి ముప్పు ఉన్న బాలికను కూడా రక్షణ కావాల్సిన బిడ్డగానే బాల న్యాయ చట్టం చూస్తుంది. ఇంటి పరిస్థితిపై సామాజిక పరిశీలన నివేదిక 15 రోజుల్లో రావాలి. అది రాకముందే ‘అమ్మానాన్న వచ్చారు, ఏడుస్తున్నారు’ అని అప్పగించడం జరిగే పెద్ద తప్పు. వాళ్లే ముహూర్తం పెట్టినవాళ్లయితే అమ్మాయి మళ్లీ అదే పీటల మీదికి వెళ్తుంది. జరిగిపోయిన బాల్య వివాహాన్ని మేజరయ్యాక 2 ఏళ్లలోపు రద్దు చేయించుకోవచ్చు.

పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) కేసుల్లో వాంగ్మూలాన్ని బిడ్డ ఉన్న చోటికే వెళ్లి, వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. బడి ఆగకూడదు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్‌కు విరుద్ధం. ఆరో తరగతి నుంచి చదివే బాలికలకు కస్తూర్బా విద్యాలయాలు వసతితో సహా ఉన్నాయి.

వరద శిబిరంలో గొళ్లెం

2021 నవంబరు వరదల్లో తిరుపతి కాలనీలు మునిగాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్టకు లీకులు పడి కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అలాంటి రోజుల్లో శిబిరం అంటే దాదాపు ఎప్పుడూ బడే.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కనీస ప్రమాణాల ప్రకారం మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు, 30 మందికి ఒక మరుగుదొడ్డి, అదీ 50 మీటర్లలోపు, మహిళలకు, పిల్లలకు విడిగా ఉండాలి. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు తరగతి గది దాదాపు 37 చదరపు మీటర్లు, అంటే పదిమందికి. వాస్తవంలో ముప్పై మంది సర్దుకుంటారు. విపత్తు సాయానికి పాటించే అంతర్జాతీయ స్ఫియర్ ప్రమాణాల్లో ఆడవాళ్లకు మూడు దొడ్లుంటే మగవాళ్లకు ఒకటి చొప్పున సూచించారు, మన బడుల్లో ఆ పాళ్లు ఉండవు. పగటి పూట పిల్లల కోసం కట్టిన దొడ్లకు రాత్రి దీపం ఉండదు, లోపలి గొళ్లెం ఊడిపోయి ఉంటుంది. దాంతో ఆడవాళ్లు చీకటి పడ్డాక నీళ్లు తాగడం మానేస్తారు. ఒక బల్బు, ఒక గొళ్లెం, తలుపు దాకా ఒక వైరు: శిబిరం తెరిచిన మొదటి గంటలో వీఆర్వో చేయించగలిగిన పని ఇది.

పేర్ల నమోదు కూడా ఇంతే ముఖ్యం. కుటుంబ పెద్ద పేరున ఒకే వరుసలో రాస్తే సాయం సొమ్ము అతని చేతికే పోతుంది, అదే శిబిరంలో అతని దెబ్బలు తింటున్న భార్యకు విడిగా గది అడిగే ఆధారం కూడా ఉండదు. మనిషికొక వరుస ఉండాలి. విపత్తులో భర్త పోయిన మహిళకు 15 రోజుల్లో ధ్రువపత్రం, 45 రోజుల్లో ఆర్థిక సాయం అందాలని అవే ప్రమాణాలు చెబుతున్నాయి.

ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తుంది?

చివరికి అంతా కాగితాల దగ్గరికే వస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం, కానీ గుర్తింపు కార్డు చూపాలి, వేలూరు నుంచి చిత్తూరు వచ్చే అంతర్రాష్ట్ర బస్సుకు వర్తించదు. బియ్యం కార్డు అత్తగారింటి మీద ఉంటుంది. ఒంటరి మహిళ పింఛను నెలకు 4,000 రూపాయలు, దానికీ కార్డే మూలం. డ్వాక్రా సంఘంలో కిస్తీ ఆమె పేరున నడుస్తూనే ఉంటుంది. సంఘం లీడరుకు విషయం రాతపూర్వకంగా చెప్పకపోతే ఎగవేసినట్టు పడి కొత్త ఊళ్లో అప్పు పుట్టదు.

వీటన్నిటికీ తాళం ఆధార్. ఆధార్‌కు జత చేసిన నంబరు చాలా ఇళ్లలో భర్తది. ఆమె సచివాలయంలో దరఖాస్తు పెడితే ఓటీపీ అతని ఫోన్‌లో మోగుతుంది. ఏటీఎంలో 500 తీస్తే ఏ ఊళ్లో తీసిందో సందేశంలో కనిపించవచ్చు. దాక్కున్న చోటును ఆ సందేశాలే పట్టిస్తాయి. అందుకే వరుస ముఖ్యం. ముందుగా ఆధార్ కేంద్రంలో మొబైల్ నంబరు మార్చుకోవాలి, దీనికి వేలిముద్ర చాలు, వేరే పత్రాలు అడగరు. తర్వాత బ్యాంకులో నంబరు, పిన్ మార్చుకోవాలి, ఉమ్మడి ఖాతా అయితే కొత్తది తెరవాలి. ఆపైన కార్డు, పింఛను దరఖాస్తులు. చిరునామా మార్పును మాత్రం కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు చేతికొచ్చేదాకా ఆపి, అన్నిటికంటే చివర్లో చేయించడం మంచిది.